మొదటి పళ్ళెం

పిండిగుట్ట మధ్యలో గుంట చేసి పద్నాలుగో గుడ్డు పగలగొడుతుండగా, లోపల వంటగదిలో ఆ రోజుకు మొదటి గిన్నె గోడకు తగిలింది. పిండక్క తల ఎత్తలేదు. చప్పుడును బట్టే అది సత్తు గిన్నె అనీ, ఖాళీదనీ, ఎవరికీ తగల్లేదనీ ఆమెకు తెలిసిపోయింది. గోడకు తగిలిన గిన్నె గంటలా మోగుతుంది. మనిషికి తగిలితే మోగదు, మెత్తగా ఆగిపోతుంది. పదిహేడేళ్ళుగా వింటున్న చెవికి ఆ మాత్రం తేడా తెలియకుండా ఉంటుందా? ఆమె ఫోర్కుతో గుడ్లు గిలకొట్టి, చుట్టూ ఉన్న పిండిని కొంచెం కొంచెంగా లోపలికి లాక్కోసాగింది.

"ఇంకా ఎనిమిదన్నా కాలేదు," అంది సింకు దగ్గర నిలబడ్డ కోడలు. "ఆయనకి గిన్నె విసిరితేగాని తెల్లారదా అత్తయ్యా?"

"చిన్నగా మాట్లాడు."

"చిన్నగానే అన్నా. ఆయన వినాలనుకుంటే గట్టిగానే అనేదాన్ని."

పిండక్కకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఈ పిల్ల నోరు విప్పినప్పుడల్లా ఆమెకు ఆ రెండూ కలిసే వస్తాయి.

అది పన్నెండు బల్లల చిన్న ఇటాలియన్ రెస్టారెంటు. ముందు హాలు, వెనక వంటగది, రెండింటికీ మధ్య ఒక అద్దాల గది. ఆ గదిలో పాలరాతి బల్ల, బల్ల వెనక పిండక్క. తినడానికి వచ్చినవాళ్ళు తింటూనే ఆమె పిండి పిసకడం, మనిషంత పొడుగు కర్రతో దాన్ని దుప్పటిలా పరచడం, మడతపెట్టి కత్తితో రిబ్బన్లుగా కోయడం చూస్తారు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తారు. మెనూ కార్డు మీద 'మా అమ్మ చేతి పాస్తా' అని అచ్చువేయించాడు యజమానీ, పెద్ద వంటవాడూ అయిన మాస్టరు. మాస్టరుకీ ఆమెకూ చుట్టరికం ఏమీ లేదు. ఆయన కన్నా ఆమె మహా అయితే తొమ్మిదేళ్ళు పెద్ద. కన్నతల్లి అనడానికి వయసు ఎలాగూ కుదరదు గానీ, అద్దం అవతల కూర్చున్నవాళ్ళు లెక్కలు వేసుకోవడానికి వస్తారా, తినడానికి వస్తారు గాని!

అద్దాల గదికి వంటగదిలోకి ఒక గుమ్మం ఉంది. అది పక్కకు ఉండడంతో హాల్లోవాళ్ళకు కనపడదు. గుమ్మం దాటగానే సింకు, దాని పక్కన పొయ్యిల వరస, ఆ చివర సిబ్బంది భోంచేసే పాత చెక్కబల్ల. గుమ్మం పక్కన గోడకు పాటల పెట్టె, దానికో గుండ్రటి మర. హాల్లో ఎప్పుడూ ఏదో ఒక తీయటి వాయిద్యం సన్నగా వినిపిస్తూ ఉంటుంది. మాస్టరు ఎవరినైనా కొట్టబోయేముందు ఆ మరను కుడివైపుకు తిప్పుతాడు. పాట ఒక్కసారి పైకి లేస్తుంది. బయట కూర్చున్నవాళ్ళు కాళ్ళతో తాళం వేస్తారు, ఒకరినొకరు చూసి చిరునవ్వు నవ్వుకుంటారు. లోపల ఒకరి దవడ పగులుతుంది. తర్వాత మర మళ్ళీ ఎడమవైపుకు తిరుగుతుంది.

పిండక్క పొట్టి మనిషి. చేతులు మాత్రం గుమ్మటాల్లాంటి కండలతో మగవాడి చేతుల్లా ఉంటాయి. వేళ్ళ గణుపుల గీతల్లో తెల్లటి పిండి ఎన్ని సబ్బులు రుద్దినా పోదు. ఎడమ చెవి సగమే వినపడుతుంది. అది ఆమె తొమ్మిదో ఏట, పాలు పొంగబెట్టినందుకు తండ్రి ఇచ్చిన బహుమానం. ఎడమ మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. అది మొగుడి గుర్తు. ఆయన ఆ మణికట్టు విరిచిన రోజున చారులో ఉప్పు తక్కువైంది. ఎక్కువైన రోజున ఇంకేదో విరిగేది. ఆయన పోయాక ఇరవై రోజులపాటు ఆమె రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచేది, పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చి మళ్ళీ హాయిగా పడుకునేది. అలా హాయిగా అనిపించినందుకు కొన్నాళ్ళు సిగ్గుపడింది, తర్వాత మానేసింది.

తండ్రి, మొగుడు, ఇప్పుడు మాస్టరు, ఈ ముగ్గురు మగవాళ్ళు ఆమెకు ఒక విద్య నేర్పారు. చెయ్యి లేవకముందే భుజం చెబుతుంది. కొట్టబోయేవాడి భుజం ఒక వేలెడు వెనక్కి పోతుంది, మెడ పొట్టిదవుతుంది. అది కనిపించిన క్షణానే పక్కకు తప్పుకోవాలి. తప్పుకున్నట్టు తెలియకూడదు, ఉప్పుడబ్బా కోసం వంగినట్టు ఉండాలి. ఈ విద్య వల్ల పదిహేడేళ్ళలో ఆమెకు తగిలిన దెబ్బలు తగలాల్సిన వాటిలో పావు వంతు కూడా ఉండవు. మిగతా వాళ్ళకు ఈ విద్య రాలేదు. సాసులు కాచే తమ్ముడికి అసలే రాలేదు. అతని ముంజేతుల మీద పట్టకారు వాతలు నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి ఉంటాయి.

ఆ సాసు తమ్ముడి వల్లే మొదటి పళ్ళెం పుట్టింది.

అప్పటికి అతను పనిలో చేరి రెండు వారాలు. మాస్టరు గరిట తిరగేసి నోటి మీద కొడితే ముందు పన్ను ఊడింది. సరుకుల గదిలో పిండిబస్తాల మధ్య కూర్చుని ఏడుస్తున్నాడు. మూడున్నరకు సిబ్బంది భోజనం. అది ఎప్పుడూ ఒకటే: వంకరగా తెగి వడ్డనకు పనికిరాని పాస్తా ముక్కలన్నీ ఉడకబెట్టి, మిగిలిన సాసు కలుపుకోవడం. ఆ రోజు పిండక్క ఎవరూ చెయ్యి పెట్టకముందే ఒక పళ్ళెం నిండా వడ్డించి, మీద చీజు దండిగా తురిమి, తీసుకెళ్ళి అతని ముందు పెట్టింది. "దెబ్బ తిన్నవాడు ముందు తినాలి. లే," అంది. అంతే. మర్నాడు వెయిటర్‌కు తగిలింది, అతనికీ అలాగే పెట్టింది. మూడో నెలకల్లా అది వంటగది చట్టమైపోయింది. ఏ రోజు ఎవరికి దెబ్బ తగిలితే ఆ రోజు మొదటి పళ్ళెం వాళ్ళది. వాళ్ళు ఒక ముద్ద తినేదాకా తక్కినవాళ్ళు ఫోర్కు ముట్టుకోరు.

కష్టం పాతబడితే హాస్యం పుడుతుంది. "నాలుగు రోజులైంది ముందు తిని, నా మీద మాస్టరుకి ప్రేమ తగ్గింది," అనేవాడు ఎప్పుడూ నవ్వుతూ ఉండే వెయిటరు. అతన్ని అందరూ నవ్వుల బాబాయి అంటారు. ఇద్దరికి తగిలిన రోజున ఎవరిది పెద్ద దెబ్బో చూసి తేల్చేవాళ్ళు. ఆ తీర్పు పిండక్కదే. ఆమె వాపు నొక్కి చూసి, కంటి కింద నలుపు చూసి, "వీడికి పెట్టండి," అనేది. అలా తీర్పు చెప్పడంలో ఆమెకు కొంచెం గర్వం కూడా ఉండేది. తన జన్మలో ఆమెను ఎవరైనా ఏదైనా తేల్చమని అడిగింది అక్కడే.

ఒకరోజు మాస్టరు మూత విసిరితే నవ్వుల బాబాయి నుదురు చిట్లింది. రక్తం తుడుచుకుంటుంటే మాస్టరు అతని భుజం తట్టి, "ఏడవకురా, మొదటి పళ్ళెం నీదేగా!" అని నవ్వాడు. అందరూ నవ్వారు. పిండక్కకు మాత్రం గొంతులో చేపముల్లు దిగినట్టయింది. ఆయనకు ఈ సంగతి ఎప్పుడు తెలిసింది? తెలిసి ఎందుకు నవ్వుతున్నాడు? ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగింది. బయట ఆరు బల్లలు ఎదురుచూస్తున్నాయి. ఆమె ముల్లును మింగేసి పిండి పరిచింది.

కోడలు ఈ వంటగదిలో చేరి మూడు నెలలు. కొడుకు లారీ మీద వెళ్ళాడంటే పది పన్నెండు రోజులకు గాని ఇల్లు చేరడు. ఒంటరిగా ఇంట్లో కూర్చోలేనంటే పిండక్కే మాస్టరుతో చెప్పి సింకు పనిలో పెట్టించింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే తన నెత్తిన తనే కొట్టుకోవాలనిపిస్తుంది. మొదటి పళ్ళెం ఇంతవరకూ తినని మనిషి వంటగదిలో ఆ పిల్ల ఒక్కతే. 

"నాకు ఆ పళ్ళెం పెట్టకండి," అని రెండోరోజే తెగేసి చెప్పింది. "నన్ను ముట్టుకుంటే నేను తిరిగి కొడతాను. ఆ తర్వాతే తిండి."

అది వట్టి మాట కాదని పిండక్కకు తెలుసు. పిల్ల కొడుతుంది. కొడితే మాస్టరు చంపుతాడు. అందుకే మూడు నెలలుగా ఆమె కళ్ళలో ఒకటి పిండి మీద ఉంటే రెండోది సింకు మీద ఉంటోంది. పిల్ల వంచిన తల వంచినట్టే ఈ రోజు కూడా గడిచిపోతే చాలు. రోజూ పొద్దున గుడ్లు పగలగొడుతూ ఆమె కోరుకునేది అదొక్కటే.

ఆ రోజు మాస్టరు నిప్పు తొక్కినట్టున్నాడు. పత్రికలో రెస్టారెంట్ల గురించి రాసే పెద్దమనిషి మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనానికి వస్తున్నాడు. ఆయన మెచ్చుకుంటే బయట వరస కడతారు, పెదవి విరిస్తే ఈగలు తోలుకోవాలి. తొమ్మిదింటికి మాస్టరు మాంసం ముక్కలను ఇనప సుత్తితో చితక్కొడుతుంటే బల్ల మీది ఉప్పు ఎగిరి పడింది. పదింటికి టమాటా సాసు అడుగంటిందని సాసు తమ్ముడి చేతిని పొయ్యి అంచుకు ఆనించి, మూడు అంకెలు లెక్కపెట్టి వదిలాడు. పాట మూడు అంకెలసేపు పెద్దగా మోగింది. సాసు తమ్ముడు చేతిని నీళ్ళ కింద పెట్టుకుని, "పళ్ళెం నాకే ఉంచక్కా," అన్నాడు నవ్వబోతూ. పళ్ళు మాత్రం కనపడలేదు.

కోడలు నీళ్ళు ఇంకొంచెం తిప్పింది. చేతిలో ఉన్న గిన్నెను పగిలేట్టు తోమింది.

"అందరూ చూస్తూ ఎలా ఉంటారు అత్తయ్యా?"

"చూడం. పని చేసుకుంటాం."

"నీ కొడుక్కి ఇలా జరిగితే?"

పిండక్క పిండిముద్దను ఎత్తి బల్లకేసి కొట్టింది. మళ్ళీ ఎత్తి కొట్టింది. పిండిని ఎంత బాదితే అంత సాగుతుంది. ఆమెకూ ఎవరూ చెప్పకుండానే ఆ గుణం అబ్బింది. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అని వాళ్ళమ్మ అంటుండేది. మెత్తగా ఉండక ఏం చెయ్యాలో మాత్రం వాళ్ళమ్మ చెప్పలేదు, ఆవిడకూ తెలియదు పాపం.

పదకొండున్నరకు ఆ సంగతి జరిగింది.

మాస్టరుకు ఒక ఇనప పెనం ఉంది. వాళ్ళ గురువు దగ్గర్నుంచి తెచ్చుకున్నది, బరువు ఒక చంటిపిల్లంత. ఏళ్ళ తరబడి నూనె పట్టిపట్టి అద్దంలా నల్లగా నిగనిగలాడుతుంది. దానికి సబ్బు తగలకూడదు, పీచు తగలకూడదు. ఉప్పువేసి గుడ్డతో తుడవాలి, అంతే. వంటగదిలో పుట్టి పెరిగిన ఎలుకకు కూడా ఈ సంగతి తెలుసు. అందరికీ తెలిసిన సంగతి గనక ఎవరూ కోడలికి చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఆ పెనాన్ని మాస్టరే తుడుచుకునేవాడు. ఆ రోజు హడావిడిలో సింకు పక్కన పెట్టి వెళ్ళాడు. కోడలు కసి అంతా చేతుల్లో ఉంది. సబ్బునీళ్ళు పోసి, ఇనప పీచుతో రుద్ది రుద్ది, నలుపంతా వదిలించి, బూడిదరంగు పెనాన్ని తళతళ మెరిసేట్టు బోర్లించింది. మంచి పని చేశాననే అనుకుంది.

అద్దాల గదిలోంచి పిండక్క ఆ మెరుపు చూసింది. పెనం సంగతి చెప్పాలనుకుంది, మూడు నెలలుగా చెప్పాలనుకుని మరచిపోయింది. కర్రను బల్ల మీద పెట్టి గుమ్మం వైపు కదిలేలోపు మాస్టరు పెనాన్ని చూశాడు.

ఆయన అరవలేదు. పెనాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో ఒకసారి నిమిరాడు. ఎడమచేతిని చాచి మరను కుడివైపుకు తిప్పాడు. పాట లేచింది. భుజం వేలెడు వెనక్కి పోయింది, మెడ పొట్టిదైంది. కోడలు సింకు వైపు తిరిగి ఉంది. ఆమెకు ఏమీ తెలియదు.

తప్పుకోవడం నలభై తొమ్మిదేళ్ళ అలవాటు. ఆ అలవాటు ప్రకారం పిండక్క కాళ్ళు ఎడమకు పోవాలి. ఆ ఒక్కసారి కాళ్ళు ముందుకు పోయాయి. రెండడుగులు. పెనం ఆమె ఎడమ కణత మీద, చెవికి పైన తగిలి కింద పడింది. తగిలినప్పుడు మోగలేదు.

ఆమె పిండిబస్తా మీద కూర్చుండిపోయింది. రక్తం రాలేదు. తుడుచుకుందామని చెయ్యి పెడితే కణతకు పిండి అంటుకుంది. కళ్ళముందు పొయ్యిలు రెండేసి కనపడ్డాయి, తర్వాత ఒక్కొక్కటీ దాని చోటికి వచ్చి కుదురుకుంది.

"నువ్వెందుకు అడ్డొచ్చావ్?" అన్నాడు మాస్టరు, తనకేదో అన్యాయం జరిగినట్టు.

కోడలు వెనక్కి తిరిగింది. అత్తను చూసింది, నేల మీది పెనాన్ని చూసింది. ఏం జరిగిందో తెలియడానికి ఒక ఊపిరిసేపు పట్టింది. తర్వాత ఆమె చెయ్యి మాంసం బాదే సుత్తి మీద పడింది. పిండక్క లేచిన సంగతి ఎవరికీ తెలియదు, పిల్ల మణికట్టు మాత్రం ఆమె గుప్పిట్లో ఉంది. పిండి పిసికిన గుప్పిలి, విడిపించుకోవడం అయ్యే పని కాదు.

"వదులు అత్తయ్యా!"

"నాకేం కాలేదు. చూడు, నిలబడ్డాను. భోజనాల వేళ దాటనీ. తర్వాత నేనే మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావు నువ్వు?"

"మాట్లాడతాను. నా మీద ఒట్టు, ఆ సుత్తి పెట్టెయ్."

సుత్తి బల్ల మీదకు చేరింది. మాస్టరు మరను ఎడమవైపుకు తిప్పాడు. "సరే, సరే. ఇవాళ మొదటి పళ్ళెం ఈవిడది. పనులు చూడండి," అన్నాడు.

ఆ మాట దెబ్బ కన్నా లోతుగా దిగింది. పదిహేడేళ్ళ కిందట తను జాలిపడి పెట్టిన పళ్ళెం. దాన్ని ఈయన తన దెబ్బలకు రసీదు చేసుకున్నాడు. కొట్టడం ఆయన వంతు, ఓదార్చడం తన వంతు. ఓదార్చేవాళ్ళు ఇంట్లోనే ఉంటే కొట్టేవాడికి ఇక అడ్డేముంది? గొంతులో ఇన్నాళ్ళూ ఉన్న ముల్లు ఇదేనని పిండక్కకు అప్పుడు అర్థమైంది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. మొగుడు బతికున్నప్పుడు కూడా రానంత కోపం వచ్చింది. అందులో సగం తన మీదే.

పన్నెండింటికి హాలు నిండింది. తలలో ఎవరో లోపలినుంచి మేకు కొడుతున్నట్టుంది. పిండక్క పిండి పరిచింది, మడత పెట్టింది, కత్తి అందుకుంది. కుడిచెయ్యి ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుగా ఉంది. ఒక రిబ్బను దారంలా తెగింది, పక్కది వేలంత వెడల్పున తెగింది. ఆమె వాటిని పక్కనున్న పళ్ళెంలోకి తోసేసి మళ్ళీ కోసింది. మళ్ళీ అంతే. పదిహేడేళ్ళలో కళ్ళు మూసుకుని కోసినా తప్పని చెయ్యి. అద్దం అవతల ఒక చిన్నపిల్ల చెయ్యి ఊపింది. పిండక్క తిరిగి ఊపబోయింది. చెయ్యి సగం లేచి దానంతటదే కిందికి దిగింది.

ఒంటిగంటకు పత్రిక పెద్దమనిషి భార్యతో సహా వచ్చి అద్దానికి ఎదురు బల్ల దగ్గర కూర్చున్నాడు. నేప్‌కిన్ ఒళ్ళో పరుచుకుని, పాస్తాను ఫోర్కుకు చుట్టుకుంటూ, కళ్ళు మూసుకుని నమిలాడు. మంచి ముక్కలు అయిపోవడంతో మాస్టరు ఆయన పళ్ళెంలోకి వంకర ముక్కలు కూడా కొన్ని కలిపాడు. ఆయన ఒక వెడల్పు ముక్కను ఫోర్కుతో పైకెత్తి భార్యకు చూపించాడు.

"చూశావా? ఇది మిషన్లో రాదు. మనిషి చెయ్యి తెలుస్తోంది. అదీ అందం!" అని మాస్టరు వైపు తిరిగి, "ఆవిడ మీ అమ్మగారా?" అని అడిగాడు.

"అమ్మలాంటిదండీ," అన్నాడు మాస్టరు, గుండె మీద చెయ్యి వేసుకుని. "ఆవిడ లేకపోతే మా వంటగదే లేదు."

పెద్దమనిషి భార్య ఫోన్ తీసి అద్దంలోంచి ఫొటో పట్టింది. "కొంచెం నవ్వండమ్మా," అని సైగ చేసింది. పిండక్క నవ్వింది. కుడివైపు పెదవి మాత్రం కదల్లేదు. అద్దం మీద పడ్డ వెలుగులో అది ఎవరికీ కనపడలేదు. రెండు గంటలకు ఆమె సరుకుల గదిలోకి వెళ్ళి బకెట్టులో వాంతి చేసుకుని, మూతి కడుక్కుని, మళ్ళీ వచ్చి నిలబడింది. కోడలు చూసింది.

"ఆస్పత్రికి పోదాం పద."

"మూడున్నరకి. అన్నం దగ్గర నలుగురూ ఉంటారు. నేను చెప్పాల్సింది చెప్పి వస్తాను. నలుగురూ వినాలి."

"చెప్పేదేదో రేపు చెప్పకూడదా?"

"రేపటికి నాకు ధైర్యం ఉండదే," అంది పిండక్క. అది నిజం. తన సంగతి తనకు తెలుసు.

కోడలు ఆ మాట విని ఆగింది. ఎన్నడూ ఏదీ అడగని అత్త మొట్టమొదటిసారి గంటన్నర గడువు అడిగింది. ఇవ్వకుండా భుజాన వేసుకుని తీసుకెళ్ళిపోయి ఉంటే బాగుండేదని ఆ పిల్ల తర్వాత జీవితమంతా అనుకుంటుంది. కానీ అప్పుడు ఇచ్చింది.

మూడున్నర అయింది. హాల్లో పత్రిక పెద్దమనిషి బల్ల ఒక్కటే మిగిలింది. ఆయన రెండో కాఫీ తాగుతున్నాడు. చెక్కబల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. మాస్టరు పొయ్యిల దగ్గర స్టూలు మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. సాసు తమ్ముడు కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని, ఇంకో చేత్తో వంకర ముక్కలన్నీ ఉడకబెట్టి, తన మంచి సాసు కలిపి, పళ్ళెం నిండా వడ్డించి చీజు తురిమాడు. తెచ్చి పిండక్క ముందు పెట్టాడు.

"నీ పళ్ళెం అక్కా. నాకన్నా నీదే పెద్దది, ఒప్పుకుంటున్నా."

పిండక్క ఫోర్కు చేతిలోకి తీసుకుంది. ముక్కల వంక చూసింది. ఒకటి దారం, ఒకటి వేలు. ఫోర్కును పళ్ళెం పక్కన పెట్టేసింది.

"తమ్ముడూ," అంది. మాట కొంచెం ముద్దగా వచ్చింది. "ఈ అలవాటు పెట్టింది నేను. తప్పు చేశాను."

"అదేంటక్కా..."

"ఏడుస్తున్నవాడి నోట్లో ముద్ద పెట్టాను. నోరు మూయించానని తెలుసుకోలేదు." ఆమె ఊపిరి తీసుకుంది. స్టూలు మీద ఉన్న మాస్టరు గ్లాసు దించాడు. పిండక్క ఆయన వైపు చూడలేదు. చూస్తే ధైర్యం పోతుందని ఆమె భయం. "ఇకమీద మొదటి పళ్ళెం లేదు. దీన్ని నేను తినను. మీరెవరూ తినకండి. ఎవరికైనా దెబ్బ తగిలితే అందరూ లేచి బయటికి పొండి. ముందు తలుపులోంచి పొండి. అంతే."

పొయ్యి మీద నీళ్ళు మరిగిన చప్పుడు వినిపించింది.

"అత్తయ్యా, ఇక పద," అంది కోడలు.

"ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంటానే. వెలుతురు గుచ్చుతోంది."

పిండక్క మోచెయ్యి మడిచి బల్ల మీద పెట్టి, దాని మీద తల ఆన్చింది. ఆమె ఆ వంటగదిలో పనివేళ తల వాల్చడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కోడలు ఆస్పత్రికి బండి పిలవడానికి ఫోన్ తీసింది, అడ్రసు చెప్పింది, పెట్టేసింది. అత్త భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి అలాగే ఉంచింది. కొంతసేపటికి వంగి ముక్కు దగ్గర చెవి పెట్టింది. మళ్ళీ లేచి నిలబడేసరికి ఆ పిల్ల ముఖం చూసి నవ్వుల బాబాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మాస్టరు లేచాడు. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి మొదట మరను కుడివైపుకు తిప్పింది. పాట లేచింది.

"జారిపడింది," అన్నాడు. "పొద్దున పిండి మీద జారిపడింది, బల్ల అంచు తగిలింది. అర్థమైందా? అందరూ ఒకటే మాట చెప్పాలి. ముందు ఆ పళ్ళెం తీసెయ్యండి. బల్ల తుడవండి."

ఆ వంటగదిలో మాస్టరు మాట నేలమీద పడకముందే ఎవరో ఒకరు అందుకునేవాళ్ళు. ఆ మాట పడింది. ఎవరూ వంగలేదు. సాసు తమ్ముడు కాలిన చేతికున్న గుడ్డను నెమ్మదిగా విప్పుకున్నాడు. నవ్వుల బాబాయి ముఖంలో ముప్పై ఏళ్ళ నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

"తియ్యమంటున్నానా!"

కోడలు ఆయన పక్కనుంచి నడిచి వెళ్ళింది. ఆయన భుజం వేలెడు వెనక్కి పోయింది. ఆమె ఆగి, ఆ భుజాన్నే చూస్తూ నిలబడింది. భుజం తిరిగి తన చోటికి వచ్చేదాకా కళ్ళు తిప్పుకోలేదు. తర్వాత మరను ఎడమవైపుకు, ఆఖరిదాకా తిప్పింది. పాట ఆగిపోయింది.

"ఏమైందండీ? పాట బాగుంది కదా, ఆపేశారేం?" అని హాల్లోంచి పత్రిక పెద్దమనిషి గొంతు వినిపించింది.

కోడలు తడిచేతులు తుడుచుకోకుండానే హాల్లోకి వెళ్ళింది. నేల మీద ఆమె చెప్పుల సబ్బునీళ్ళ జాడలు పడ్డాయి.

"లోపలికి రండి," అంది ఆయనతో. "మీరు మెచ్చుకున్నారే, ఆ చేతుల్ని చూద్దురుగాని. ఆ మనిషి తలకి ఏం తగిలితే పాస్తా అంత అందంగా తెగిందో ఆ పెనం కూడా చూపిస్తాను."

బండి వచ్చింది. తర్వాత పోలీసులు వచ్చారు. జారిపడిందని మాస్టరు ఒక్కడే చెప్పాడు. తక్కినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ముంజేతులు చాచి చూపించారు. పిండక్కను తెల్ల దుప్పటి కప్పి ముందు తలుపులోంచే తీసుకెళ్ళారు. పదిహేడేళ్ళలో ఆమె ఆ తలుపులోంచి వెళ్ళడం అదే మొదలు. వెనకే కోడలు, ఆమె వెనక సాసు తమ్ముడు, నవ్వుల బాబాయి నడిచారు. సాయంత్రానికి అద్దాల గదిలో దీపం కూడా ఎవరూ వెయ్యలేదు.

పొయ్యిలన్నీ చల్లారిన వంటగదిలో, చెక్కబల్ల చివర, మొదటి పళ్ళెం పెట్టిన చోటే ఉంది. ఒకటి దారంలా ఒకటి వేలంతగా తెగిన ముక్కల మీద చీజు గడ్డకట్టింది, పక్కనున్న ఫోర్కు పిడి మీద తెల్లటి పిండి వేలిముద్ర ఇంకా అలాగే ఉంది.